గేమ్ సినిమాకి టికెట్ కొనే ముందు చూసుకోవాల్సినవి

వీడియో గేమ్ ఆధారంగా యాక్షన్ సినిమా వస్తోందంటే మా షాపులో రిలీజ్‌కి చాలా ముందు నుంచే వాదనలు మొదలవుతాయి. తిరుపతి కొర్లగుంటలో మాది చిన్న గేమింగ్ సెంటర్. సాయంత్రమైతే యూనివర్సిటీ పిల్లలు, ఇంటర్ పిల్లలు, డ్యూటీ దిగి వచ్చే కుర్రాళ్లు చేరతారు. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఈ సినిమాకి పోవచ్చా?"

ఈ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఒకే బండి మీద ఒకే షోకి వెళ్లొచ్చిన ఇద్దరిలో ఒకడు "అదిరిపోయిందన్నా" అంటాడు, ఇంకొకడు "మన గేమ్‌ని పాడు చేసి పెట్టినారు" అని బాధపడతాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ గేమ్‌లో ఒకడికి నచ్చింది ఒకటి, ఇంకొకడికి నచ్చింది ఇంకొకటి. సినిమా ఒకదాన్ని నిలబెట్టి రెండోదాన్ని వదిలేసింది, అంతే. కాబట్టి సినిమా ఎలా ఉందని అడిగే ముందు మీకు ఏం కావాలో తేల్చుకోవాలి. నేను పిల్లలకి చెప్పే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. గేమ్ ఆడేవాళ్లకీ, ఆడకపోయినా ఫైట్ల కోసం వెళ్లేవాళ్లకీ, పిల్లలు లాక్కెళ్తే వెళ్లే అమ్మానాన్నలకీ పనికొస్తుంది.

గేమ్ కట్టేశాక మీకు ఏది గుర్తొస్తుంది?

సిస్టమ్ ఆపేసి ఇంటికి పోతున్నప్పుడు మీ తలలో ఏం తిరుగుతోందో గమనించండి. కొందరికి వేళ్లు ఇంకా బటన్లు నొక్కుతూనే ఉంటాయి. టెక్కెన్ అనే ఫైటింగ్ గేమ్ ఆడేవాళ్లలో చాలామంది ఇంతే. అందులో జిన్ అనేవాడికి తన నాన్నతో, తాతతో ఉన్న పగ వాళ్లకి పట్టదు, కాంబో, అంటే వరసగా వేసే దెబ్బలు, పూర్తిగా పడిందా లేదా అన్నదే లెక్క. కొందరికి చోటు గుర్తొస్తుంది. చిత్తూరు కట్టమంచిలో మా అక్క కొడుకు ఉన్నాడు. టూంబ్ రైడర్ పెట్టిస్తే వాడు సగంసేపు ఎవరితోనూ పోరాడడు, పాత గుళ్ల గోడలు చూసుకుంటూ తిరుగుతాడు. "ఇక్కడ ఇంకొంచెంసేపు ఉందాం మామా" అంటాడు.

ఇంకొందరికి మనిషి గుర్తుంటాడు. నలభై దగ్గరపడిన వాళ్లెవరైనా మా షాపుకి వస్తే ముస్తఫా ఉందా అని అడుగుతారు. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ వాళ్లు 1993లో తెచ్చారు. మన వైపు ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. పసుపు టోపీ పెట్టుకుని ఎగిరి తన్నే ముస్తఫా పేరే గేమ్‌కి పేరైపోయింది. ఆ గేమ్ కథ చెప్పమంటే ఒక్కరూ చెప్పలేరు. టోపీ, తన్ను మాత్రం అందరికీ గుర్తే. ఎవరైనా దాన్ని సినిమాగా తీసి ఆ రెండూ తీసేస్తే, మిగతాదంతా ఎంత బాగా తీసినా మన ఊరివాళ్లు ఒప్పుకోరు.

చివరిగా కథ కోసం ఆడేవాళ్లు. వీళ్లు తక్కువమందే, కానీ వీళ్ల అభిమానం గట్టిది.

చోటు, మనిషి, కథ ఇష్టమైనవాళ్లకి సినిమా ఎంతోకొంత ఇవ్వగలదు. చేతిపని, అంటే బటన్లు నొక్కి ఆడటమే ఇష్టమైనవాళ్లని తృప్తిపరచడమే కష్టం. మన చేతిలోంచి రిమోట్ తీసేసుకున్నాకే కదా సినిమా మొదలయ్యేది.

2005లో వచ్చిన డూమ్ సినిమా ఈ చిక్కుని నేరుగా విప్పాలని చూసింది. చివర్లో సుమారు ఐదు నిమిషాలు కెమెరా హీరో కళ్లతోనే చూస్తుంది. గేమ్‌లో మాదిరే తుపాకీ మాత్రం కనిపిస్తూ ఉంటుంది, మూల తిరిగితే రాక్షసుడు. గేమ్ ఆడనివాళ్లకి అది కొత్తగా అనిపించింది. ఆడినవాడికి వేరే ఇబ్బంది. ఎడమ పక్కన తలుపు కనబడితే వాడి బొటనవేలు అటు తిప్పాలనుకుంటుంది, కెమెరా కుడి పక్కకి పోతుంది. ఎవరో ఆడుతుంటే వెనక నిలబడి తన వంతు కోసం చూస్తున్నట్టు ఉంటుంది. ఆ వంతు రాదు.

2010 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఇంకో దారి పట్టింది. ఆ కథకి మూలం 2003లో వచ్చిన గేమ్. గోడ మీద పరుగెత్తి, దూకడంలో తప్పు జరిగి కింద పడి చచ్చామా, చేతిలో బాకు ఉంటుంది, దాన్ని నొక్కితే కాలం వెనక్కి పోయి మనం మళ్లీ గోడ మీద ఉంటాం. మన తప్పుని మనమే దిద్దుకోవచ్చు. ఆ గేమ్‌కి ప్రాణం అదే. సినిమాలోనూ ఆ బాకు ఉంది, కాలం వెనక్కి పోవడమూ ఉంది. అయితే అక్కడ అది యువరాజు తప్పు, యువరాజు అదృష్టం. మన గుండె ఆగదు. మొదటి ప్రిన్స్ ఆఫ్ పర్షియాని తయారుచేసిన జోర్డన్ మెక్నరే ఈ సినిమాకి కథ ఇచ్చాడు. అంటే గేమ్ గురించి తెలియక జరిగింది కాదు. చేతి అనుభవం తెర మీదికి అంత తేలిగ్గా రాదు.

లీడ్ ఉందా లేదా చూడండి

మనం తెలుగు సినిమాలు చూసి పెరిగినవాళ్లం కాబట్టి ఫైటు ఎందుకు పండుతుందో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. లీడ్, అంటే ఫైటు దాకా నడిపించే కారణం, బలంగా ఉండాలి. విలన్ మనుషులు అతి చేయాలి, హీరో ఓర్చుకోవాలి, ఇక ఓర్చుకోలేని చోట లేవాలి. అప్పుడు హాల్లో పేపర్లు ఎగురుతాయి. దెబ్బ ఎంత దూరం ఎగరగొట్టింది అన్నది ఆ తర్వాతి సంగతి.

గేమ్‌లో ఆ లీడ్‌ని దర్శకుడు కట్టడు, ఆడేవాడే కట్టుకుంటాడు. బాస్, అంటే గేమ్‌లో అడ్డంగా నిలబడే పెద్ద శత్రువు, వాడి దగ్గర మళ్లీ మళ్లీ చచ్చి, వాడు ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బ వేస్తాడో కనిపెట్టి, చెమట పట్టిన చేతులతో చివరికి ఒక రాత్రి పడగొడతాడు. ఆ ఓటములన్నీ కలిసి లీడ్ అయ్యాయి. అందుకే ఆ గెలుపుకి కుర్చీలోంచి లేచి అరుస్తాడు. అదే బాస్‌ని సినిమాలో హీరో వచ్చిన మొదటిసారే మూడు నిమిషాల్లో పడేస్తే మనకి వెలితిగా ఉంటుంది. ఫైట్ మాస్టర్ తప్పేమీ ఉండదు. గేమ్‌లో మనం కట్టుకున్న లీడ్ సినిమాలో లేదు, దాని బదులు సినిమావాళ్లు ఇంకొకటి కట్టలేదు.

గేమ్ సినిమాల్లో ఎక్కువ భాగం చెడిపోయేది ఇక్కడే అని నా గట్టి నమ్మకం. దీనికి మోర్టల్ కాంబాట్ కన్నా మంచి ఉదాహరణ లేదు, ఎందుకంటే ఒకే గేమ్‌ని రెండు తరాలవాళ్లు రెండు రకాలుగా తీశారు.

ఈ ఫైటింగ్ గేమ్ 1992లో వచ్చింది. ఓడినవాడి గుండె పీకేయడం, తల తెంపేయడం లాంటి ఫేటాలిటీలు ఉండేవి. అమెరికాలో వీడియో గేమ్‌లకి వయసు రేటింగులు పెట్టాలన్న గొడవ పెద్దదవడానికి అదీ ఒక కారణం. 1995లో పాల్ డబ్ల్యూ.ఎస్. ఆండర్సన్ దాన్ని సినిమాగా తీస్తే ఆ రక్తమంతా పోయింది. పిల్లలు కూడా చూడగలిగే పీజీ-13 రేటింగ్‌తో వచ్చింది. గేమ్‌కి పేరు తెచ్చిందే లేనప్పుడు అభిమానులు తిట్టాలి కదా? తిట్టలేదు. అమెరికాలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ప్రపంచమంతా కలిపి 12 కోట్ల డాలర్లు దాటింది, ఖర్చు దాంట్లో ఆరో వంతో ఏడో వంతో.

కారణం ఒకటే. గేమ్‌లో ఫైట్లన్నీ జరిగే టోర్నమెంట్‌ని ఆ సినిమా వదల్లేదు. ఓడ ఎక్కుతారు, దీవికి చేరతారు, ఎవరు ఎవరితో తలపడాలో తెలుస్తుంది, ఓడితే భూమి ఏమవుతుందో కూడా తెలుస్తుంది. లియూ కాంగ్‌కి తమ్ముడి చావు ఉంది, సోన్యాకి తన జోడీని చంపినవాడి మీద పగ ఉంది, జానీ కేజ్‌కి తన సినిమా ఫైట్లు నిజమైనవేనని లోకానికి చూపించాలన్న పంతం ఉంది. ముగ్గురికీ మూడు లీడ్లు. దానికి తోడు ఆ టెక్నో పాట మొదలైతే చాలు, ఫైటు రాబోతోందని ఒంటికి తెలిసిపోతుంది. ముందుగా కొందరికి చూపించినప్పుడు ఫైట్లు చాల్లేదన్నారని తర్వాత మరికొన్ని తీసి కలిపారు కూడా. లియూ కాంగ్ వేషం వేసిన రాబిన్ షూ నిజంగా ఫైట్లు తెలిసినవాడు, ఆ తేడా తెర మీద తెలుస్తుంది.

2021లో మళ్లీ తీసినప్పుడు రక్తం తిరిగొచ్చింది, ఫేటాలిటీలు వచ్చాయి, పెద్దవాళ్ల కోసం ఇచ్చే ఆర్ రేటింగ్ పడింది. స్కార్పియన్, సబ్-జీరో అనే ఇద్దరు యోధుల పాత పగతో మొదలయ్యే మొదటి పది నిమిషాలు నాకు చాలా ఇష్టం. జపాన్‌లో ఇల్లు, భార్యాబిడ్డలు, ఆ తర్వాత మంచు. అది అసలైన లీడ్. కానీ అక్కడి నుంచి కథ కోల్ యంగ్ అనే కొత్త మనిషి వెంట పోయింది. ఆ పేరు గేమ్‌లో లేదు. అంతకన్నా పెద్ద లోటు, టోర్నమెంటే జరగలేదు. దానికి తయారవుతూనే సినిమా అయిపోయింది. ఫైట్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, ఎవరు గెలిస్తే ఏమవుతుందో మాత్రం మనసుకి పట్టదు. మా షాపులో ఆడేవాళ్లలో రక్తం చూసి సంతోషపడినవాళ్లు కూడా "టోర్నమెంట్ ఎక్కడన్నా?" అనే అడిగారు.

కాబట్టి కొత్త గేమ్ సినిమా ఏది వచ్చినా ఇలా చూసుకోండి: చివరి ఫైటులో హీరో ఓడిపోతే ఎవరికి ఏం నష్టం? కథ గురించి బయటికి వచ్చిన నాలుగు ముక్కలు చదివి దీనికి జవాబు చెప్పగలిగితే సగం భయం తీరినట్టే. "లోకం నాశనమవుతుంది" అన్నది జవాబు కాదు, అన్ని సినిమాల్లోనూ అదే చెబుతారు. ఒక మనిషి పేరు, ఒక నష్టం కనబడాలి.

గేమ్ ఆధారంగా తీయకపోయినా గేమ్ ఆడిన తృప్తినిచ్చిన సినిమా ఒకటి ఉంది, 2014లో వచ్చిన ఎడ్జ్ ఆఫ్ టుమారో. దానికి మూలం ఒక జపాన్ నవల. హీరో చచ్చిన ప్రతిసారీ అదే రోజు మళ్లీ మొదలవుతుంది. మొదట తుపాకీ సేఫ్టీ తియ్యడం కూడా తెలియనివాడు చచ్చి చచ్చి నేర్చుకుంటాడు. బాస్ దగ్గర మనం పడిన పాట్లన్నీ అందులో ఉన్నాయి. చేతిపని ఇష్టమైన కుర్రాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

ట్రైలర్‌ని ఇలా పరీక్షించండి

ముందు ఒకసారి మామూలుగా చూడండి. తర్వాత సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. మ్యూజిక్ లేకుండా ఫైటు అర్థమవుతోందా? ఎవరు ఎక్కడ నిలబడ్డారు, దెబ్బ ఎటు నుంచి వచ్చింది అన్నది కంటికి అందుతోందా? గేమ్‌లో కెమెరా మన వెనకే ఉంటుంది, తలా కాళ్లూ అన్నీ కనిపిస్తాయి. అదే మనకి అలవాటు. షాటు షాటుకీ ముక్కలు చేసి కోస్తే గేమ్ ఆడేవాళ్ల కళ్లు తట్టుకోలేవు.

తర్వాత హీరో ఎవరో చూడండి. గేమ్‌లోని మనిషా, సినిమా కోసం పుట్టించినవాడా? కొత్తవాడైతే చెడిపోతుందని కాదు. భయపెట్టే గేమ్ నుంచి వచ్చిన రెసిడెంట్ ఈవిల్ సినిమాల్లో మిల్లా యోవోవిచ్ వేసిన ఆలిస్ గేమ్‌లో లేదు. అయినా 2002 నుంచి 2016 దాకా ఆరు సినిమాలు ఆమె మీదే నడిచాయి, మొత్తం 120 కోట్ల డాలర్ల పైన తెచ్చాయి. గేమ్ ఆడనివాళ్లు ఆమెని తమ హీరోగా చేసుకున్నారు. గేమ్‌లోని హీరోలు లియాన్, జిల్, క్రిస్‌ల కోసం వెళ్లిన అభిమానులు మాత్రం వాళ్లని పక్క పాత్రల్లో చూసి నొచ్చుకున్నారు. ఆ మాట పడకూడదని 2021లో వెల్కమ్ టు రకూన్ సిటీ తీశారు. పోలీస్ స్టేషన్, ఆ పాత బంగళా, అన్నీ గేమ్‌లో ఉన్నట్టే కట్టారు. అయితే మొదటి రెండు గేమ్‌ల కథల్ని ఒకే సినిమాలో కుక్కేశారు. ఆ భయం పట్టుకోవాలంటే ఖాళీ వరండాలో ఒంటరిగా నడవాలి, తలుపు తియ్యాలా వద్దా అని ఆగాలి. అందుకు టైమే లేకపోయింది. డబ్బులూ అంతంతమాత్రంగానే వచ్చాయి. గేమ్‌లో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టు పెట్టడంతోనే తృప్తి రాదు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఎంతమంది పాత్రలున్నారో కూడా లెక్కపెట్టండి. 1994 నాటి స్ట్రీట్ ఫైటర్‌లో గేమ్‌లోని మనుషులు దాదాపు అందరూ ఉన్నారు. ర్యూ, కెన్‌లు గేమ్‌కి ముఖాలు. సినిమాలో మాత్రం వాన్ డామ్ వేసిన గైల్ హీరో, వాళ్లిద్దరూ చిల్లర మోసాలు చేసుకునే కుర్రాళ్లు. ఆ సినిమాలో నిలబడింది ఒక్క రౌల్ హూలియా. విలన్ బైసన్ వేషంలో ఆయన పలికిన తీరు ఇప్పటికీ చూడాలనిపిస్తుంది. సినిమా విడుదలకి ముందే ఆయన పోయారు.

నాలుగోది, కథ ఏ చోట నడుస్తోంది? అసాసిన్స్ క్రీడ్ గేమ్‌లలో మనం ఎక్కువసేపు ఉండేది పాత కాలంలో. ఇప్పటి కాలం మధ్యమధ్యలో కాసేపు వచ్చి పోతుంది. 2016 సినిమా ఆ లెక్కని తిరగేసింది. స్పెయిన్‌లో 1492 నాటి వీధులు, మేడల మీద పరుగులు అద్భుతంగా తీశారు. ఎత్తు నుంచి కిందికి దూకే ఆ ప్రసిద్ధమైన దూకుడుని ఒక స్టంట్ మనిషి సుమారు 125 అడుగుల నుంచి తాడు లేకుండా దూకి చేశాడు. అంత కష్టపడి తీసినవాళ్లు సినిమాలో ఎక్కువ భాగాన్ని ఇప్పటి కాలపు ల్యాబ్ గదుల్లో గడిపేశారు. మా మేనల్లుడిలాంటి, చోటు ఇష్టమైనవాళ్లకి ఇది పెద్ద దెబ్బ.

ట్రైలర్ చూసి జనం గోల పెడితే మారేవి కొన్ని ఉన్నాయి. 2019 ఏప్రిల్‌లో సోనిక్ ట్రైలర్ వచ్చినప్పుడు, ఆ నీలం ముళ్లపందికి మనిషి పళ్లు చూసి అందరూ భయపడ్డారు. నిర్మాతలు రిలీజ్‌ని నవంబర్ నుంచి 2020 ఫిబ్రవరికి జరిపి సోనిక్ రూపం మొత్తం మార్చారు. సినిమా బాగా ఆడింది, ఇంకో రెండు భాగాలు కూడా వచ్చాయి. రూపం మార్చొచ్చు, కథలో లీడ్ లేకపోతే మాత్రం ట్రైలర్ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు.

కలెక్షన్లు, రివ్యూలు

వీటి మీద ఎక్కువ ఆధారపడొద్దు. వార్‌క్రాఫ్ట్ 2016లో ప్రపంచమంతా కలిపి సుమారు 44 కోట్ల డాలర్లు తెచ్చింది, దాంట్లో సగం చైనా నుంచే. అమెరికాలో 5 కోట్లు కూడా రాలేదు. చైనాలో ఆ గేమ్ ఆడుతూ పెరిగిన తరం ఉంది, వాళ్లకి ఆ లోకం తెర మీద కనబడితే చాలు. గేమ్ తెలియనివాడికి మొదటి అరగంటలో వచ్చే పేర్లే బరువు. రివ్యూ రాసినవాడు ఏ వైపువాడో తెలియకుండా స్టార్లు చూసి లాభం లేదు.

1993లో వచ్చిన మొదటి మారియో సినిమా పెట్టుబడి కూడా రాబట్టలేకపోయింది. రంగురంగుల లోకాన్ని తీసేసి చీకటి నగరం చూపించారు. 2023లో బొమ్మల సినిమాగా వచ్చిన మారియో 130 కోట్ల డాలర్లు దాటింది. రివ్యూలు రాసేవాళ్లు కథ పలుచగా ఉందన్నారు, పిల్లలు పైపులూ నాణేలూ చూసి ఎగిరి గంతేశారు. అలాగని రివ్యూలన్నీ తప్పని కాదు. 2024లో బోర్డర్‌ల్యాండ్స్‌ని రివ్యూలవాళ్లూ, గేమ్ ఆడినవాళ్లూ, ఆడనివాళ్లూ అందరూ కాదన్నారు. 11 కోట్ల డాలర్ల పైన పెట్టి తీస్తే మూడు కోట్ల చిల్లర వచ్చింది. మూడు వైపులా ఒకే మాట వినబడితే డబ్బులు మిగుల్చుకోండి.

హాలుకి వెళ్లేటప్పుడు

ఇంగ్లీష్ సినిమాలు మన ఊళ్లో ఎక్కువ రోజులు ఉండవు. చూడాలని తేల్చుకుంటే మొదటి వారంలోనే చూసేయండి, రెండో వారానికి ఆటలు తగ్గిపోతాయి. పెద్ద తెర మీదే చూడాలనుకునేవాళ్లు తిరుపతి నుంచి చెన్నైకి, చిత్తూరువాళ్లయితే వేలూరుకి పోతుంటారు. అంత దూరం చోటు కోసం వెళ్లేవాళ్లకి దండగ కాదు. ఫైట్ల కోసమే అయితే ఇక్కడే చూడొచ్చు.

తెలుగు డబ్బింగ్ దొరికితే గేమ్ ఆడనివాళ్లతో కలిసి అదే చూడండి, పెద్దవాళ్లకి సుఖంగా ఉంటుంది. గేమ్‌లో ఇంగ్లీష్ గొంతు చెవిలో పాతుకుపోయినవాళ్లు ఇంగ్లీష్ షోకే వెళ్లండి. మోర్టల్ కాంబాట్‌లో స్కార్పియన్ అరిచే "గెట్ ఓవర్ హియర్" అన్న ఆ ఒక్క మాట వేరే గొంతులో వస్తే తట్టుకోలేనివాళ్లని చూశాను.

చిన్నపిల్లల్ని తీసుకెళ్తుంటే సర్టిఫికెట్ తప్పకుండా చూడండి. గేమ్ సినిమా అంటే పిల్లల సినిమా అని మన వైపు ఇంకా అనుకుంటున్నారు. 2024 నుంచి యూఏ సర్టిఫికెట్‌లోనే 7+, 13+, 16+ అని వేరుగా ఇస్తున్నారు. పోస్టర్ మీదో టికెట్ బుక్ చేసే యాప్‌లోనో కనిపిస్తుంది. సోనిక్, మారియో, మైన్‌క్రాఫ్ట్ వేరు, మోర్టల్ కాంబాట్, రెసిడెంట్ ఈవిల్ వేరు.

గేమ్ తెలియనివాళ్లు పక్కన ఉంటే ముందే మూడు మాటల్లో సంగతి చెప్పేయండి: ఎవరు మనవాడు, ఎవరితో పగ, ఏ వస్తువు కోసం కొట్లాట. లోపల కూర్చున్నాక చెవిలో వివరించొద్దు. వాళ్లకి సినిమా పోతుంది, మీకూ పోతుంది.

అన్‌చార్టెడ్ లాంటివాటికి ఒక జాగ్రత్త. ఆ గేమే సినిమాలా ఉంటుంది. విమానం వెనక తలుపు తెరుచుకుని సామాన్ల పెట్టెలు గాల్లో వేలాడే సీను మూడో గేమ్‌లో ఉంది, 2022 సినిమాలోనూ దాన్నే పెట్టారు. గేమ్‌లో ఆ పెట్టెల మీద మనమే పాకాం. తెర మీద టామ్ హాలండ్ పాకుతుంటే ఆడినవాడికి ఆ ఉలుకు మళ్లీ రాదు. ఆడనివాళ్లకి మాత్రం ఆ ఒక్క సీనుకే టికెట్ డబ్బులు వచ్చేస్తాయి. కాబట్టి ఇలాంటి సినిమాకి గేమ్ ఆడని ఫ్రెండ్‌ని తీసుకెళ్లండి.

కథ కోసం ఆడేవాళ్లు రెండు గంటల సినిమాలో దాన్ని వెతక్కండి. పదిహేను గంటలు ఆడిన కథ అందులో పట్టదు. ది లాస్ట్ ఆఫ్ అస్ మొదటి గేమ్‌ని 2023లో తొమ్మిది ఎపిసోడ్ల సిరీస్‌గా తీశారు కాబట్టే అందులోని జోయెల్, ఎల్లీ ఇద్దరి మధ్య అభిమానం మెల్లగా పెరిగే వీలు దొరికింది. ఫాలౌట్ సిరీస్ 2024లో వచ్చింది. గేమ్ కథ జోలికి పోకుండా అదే లోకంలో కొత్త కథ చెప్పింది. అదీ మంచి పద్ధతే.

మొదట ఏది చూడాలి

ఫైట్లు కావాలంటే 1995 మోర్టల్ కాంబాట్. గ్రాఫిక్స్ పాతబడ్డాయి, పట్టించుకోవద్దు. చోటు, సాహసం కావాలంటే 2018 టూంబ్ రైడర్. 2013 గేమ్ ఆడినవాళ్లకి జలపాతం మీద తుప్పు పట్టిన విమానం సీను వెంటనే గుర్తొస్తుంది. ఏంజెలీనా జోలీ నటించిన 2001 సినిమాలో కంబోడియాలో అంగ్‌కోర్ గుళ్ల దగ్గర తీసిన భాగం కూడా బాగుంటుంది. మా మేనల్లుడికి నచ్చింది అదే. ఇంట్లో చిన్నపిల్లలుంటే సోనిక్.

పిల్లవాడు గేమ్‌లు ఆడి చెడిపోతున్నాడని బెంగపడే అమ్మానాన్నలు మా షాపుకి వచ్చి నాతో మాట్లాడుతుంటారు. వాళ్లకి నేను 2023లో వచ్చిన గ్రాన్ టురిస్మో చెబుతాను. ఇంట్లో కూర్చుని కారు గేమ్ ఆడే జాన్ మార్డెన్‌బరో అనే బ్రిటన్ కుర్రాడు 2011లో గేమ్ ఆడేవాళ్లకి పెట్టిన పోటీలో గెలిచి నిజం రేసు కారు ఎక్కాడు. 2013లో ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ 24 గంటల కారు రేసులో తన విభాగంలో జట్టుతో కలిసి మూడో స్థానంలో నిలిచాడు. అతని నాన్న ఫుట్‌బాల్ ఆటగాడు. సినిమాలో తండ్రి ఈ గేమ్‌ల వల్ల ఒరిగేదేమీ లేదని అంటాడు, ఆ మాటలు మన ఇళ్లలో వినబడేవే. తండ్రీకొడుకుల మధ్య ఆ మౌనమే ప్రతి రేసుకీ లీడ్ అయింది. పైగా రిమోట్ పట్టుకున్నవాడే ఇక్కడ హీరో, కాబట్టి చేతిపని ఇష్టమైన కుర్రాడికీ నచ్చుతుంది. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పి పంపుతాను. జర్మనీలో ఒక ప్రేక్షకుడి ప్రాణం పోయిన ప్రమాదం నిజానికి 2015లో జరిగింది, సినిమాలో దాన్ని లె మాన్స్‌కి ముందే జరిగినట్టు పెట్టారు. తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చుని చూడండి, పిల్లవాణ్ణి ఒక్కణ్ణే పంపొద్దు.